మారు వడ్డన

మండపేటలో, రైసుమిల్లు వెనక వీధిలో,
కాలేజీ మేడమీది గదికి నల్లగుడ్డలు కట్టించాం.
నేలమీద పసుపు టేపుతో నలుచదరం:
ఎనిమిదడుగులు ఇటు, ఎనిమిదడుగులు అటు.
అందులోనే మా పెళ్లిభోజనం.

కళ్లకి ఆ పెట్టె తగిలించుకుంటే చాలు,
పందిరి వేసి ఉంటుంది, ఫ్యాన్లు తిరుగుతుంటాయి,
ఒక వారగా ముప్ఫై రెండు పదార్థాలు.
మనిషి దేన్ని ఎంతసేపు చూశాడో,
చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి తగ్గిందో
సెకన్లలో రాసుకుంటుంది కంప్యూటరు.
నా పని తలకి పట్టీ బిగించడం,
"కళ్లు తిరిగితే చెప్పండి" అనడం,
ఆఖర్న మూడొందలిచ్చి సంతకం తీసుకోవడం.

బొమ్మలు గీసినవాళ్లు ఏ ఊరివాళ్లో.
వాళ్ల పనసపొట్టు కూర రంపప్పొట్టులా ఉంటుంది.
పూతరేకు అట్టముక్కంత మందం.
నెయ్యి అన్నం మీద గాజుపూసలా నిలబడుతుంది,
జారదు.
వాసన అసలే లేదు.
కిటికీ సందులోంచి మాత్రం
ఉప్పుడుబియ్యం ఉడికిన ఆవిరి వచ్చి
మా లెక్కలు పాడుచేస్తుంది.
ఆ సంగతి నివేదికలో రాయలేదు.

పదిహేడో మనిషి కడలి తాతబ్బాయి గారు.
అరవై ఒకటి. తొమ్మిదేళ్లుగా షుగరు.
వృత్తి అన్నచోట "వడ్డన" అని రాయించారు.
నలభై ఏళ్లు, ద్రాక్షారం నించి రాజోలు దాకా,
ఎవరి పెళ్లయినా ఎవరి దినమైనా
ఎడంచేత బకెట్టు, కుడిచేత గరిటె.

"మీకు నచ్చింది తీసుకోండి," అన్నాను,
"నచ్చినంత. ఇక్కడెవరూ చూడరు."
అబద్ధం. చూడ్డానికే కదా ఇదంతా.

ఆయన పదార్థాల కేసి చూడలేదు ముందు.
బంతి కేసి చూశారు.
ఆకుల ముందు పద్దెనిమిదిమంది,
నిండుగా కనపడాలని కూర్చోబెట్టిన బొమ్మలు,
రెప్పలార్పుతారు, తలూపుతారు, అంతే.
"ఇదేటండీ, ఆకులేసి వదిలేశారు,
నీళ్లు చల్లలేదు, ఉప్పు పళ్లేదు,"
అంటూ పంచె ఎగ్గట్టారు.

నేను తెరమీద చూస్తున్నాను.
ఉప్పు, ఆనక బూరె, ఆనక పప్పు.
వంగి, లేచి, పక్కకో అడుగు,
వంగి, లేచి, పక్కకో అడుగు.
టేపు దాటబోతే భుజం పట్టి తిప్పాను.
ఎదుటి వరుస అందుకున్నారు.
లేని గరిటె పట్టుకున్న గుప్పిలి
ఆకుకి సరిగ్గా గరిటెడు ఎత్తులో ఆగేది.
"మారు కావాలా అండి? మొహమాటం వద్దు."
బొమ్మ రెప్ప ఆర్పింది.
దానికింకో బూరె పడింది.

నాలుగో ఆకు దగ్గర ఆగి
గొంతు తగ్గించారు నాకోసం:
"ఈయన ముద్ద ముట్టలేదండి. ఒంట్లో బాలేదేమో.
మజ్జిగ పోద్దాం."
మజ్జిగ మా ముప్ఫై రెండింటిలో లేదు.

అంతలో కరెంటు పోయింది.
ఆయన కళ్లముందు పందిరి నల్లబడింది.
"ఎవరూ లేవకండి!" చేతులు రెండూ చాచి
గది దద్దరిల్లేట్టు అరిచారు,
"ఆకులు తొక్కేస్తారు, జనరేటరేత్తన్నారు!"
నేనూ కదల్లేదు.

పెట్టె తీస్తే కళ్లచుట్టూ చెమట గీత.
"మీరేం తీసుకోలేదేం?"
అది ప్రశ్నపత్రంలో లేదు, నేనే అడిగాను.
"వడ్డించేవోడు బంతి మధ్యలో తింటాడేటండీ?
అందరూ లేచాకండి, ఆయ్.
అప్పటికేం మిగుల్తాయి, చారు నీళ్లు,
అడుగంటిన పులిహోర, విరిగిన బూరెలు.
బూరెలే ఎక్కువుండేయి.
ఈ షుగరు అక్కడిదేనండి."

రాత్రి పట్టిక నింపాను.
పదిహేడు. తీసుకున్నది: సున్నా.
తీపివైపు చూసిన సమయం: అందరికన్నా ఎక్కువ.
మేడం వేలుపెట్టి చూపించి
"ఎంత నిగ్రహమో చూడు," అన్నారు.
నేను నోరు తెరిచి, మూసుకున్నాను.

మజ్జిగ చేర్చమని బొమ్మలవాళ్లకి రాశాను.
నాలుగురోజులకి జవాబొచ్చింది:
ఎంత పలచన?
ఆకుమీద పోస్తే ఎటు పారాలి?

తాతబ్బాయి గారి నంబరు
సంతకాల కాయితం మీద ఉండాలి.
వెతుకుతున్నాను.